బిళ్ల మారింది, బంట్రోతు మారలేదు: బ్రిటన్ 313 క్లాసు బళ్ల రంగుల కథ

(సికింద్రాబాద్‌లో రైలు అభిమానులు నెలకోసారి కలుసుకునే కూడికలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక బెంచీలకు వినిపిస్తోందా? సరే. ఫ్యాను కొంచెం తగ్గిస్తారా బాబూ, కాగితాలు ఎగిరిపోతున్నాయి.

పోయిన నెల మన మాస్టారు బాయిలర్ల గురించి మాట్లాడారు. ఆయన మాట్లాడాక నేను రంగుల గురించి మాట్లాడటమంటే వడియాల కచేరీ అయ్యాక అప్పడాల కచేరీ పెట్టినట్టు ఉంటుంది. అయినా రంగుల గురించే మాట్లాడతాను. ఎందుకంటే నేను రంగు డబ్బాల మధ్య పెరిగినవాణ్ని. మా నాన్న ముప్పై రెండేళ్లు లాలాగూడ క్యారేజ్ వర్క్‌షాపులో, పెయింట్ షాపులో పనిచేశారు. ఆయన ఇంటికి వస్తే ముందు వాసన వచ్చేది, తర్వాత ఆయన వచ్చేవారు. ఉప్పు కాగితం, లప్పం, ప్రైమరు, దాని మీద ఒక పూత, ఆరాక ఇంకో పూత. ఈ మాటలు నాకు అక్షరాల కన్నా ముందే వచ్చాయి.

ఇంగ్లిషు వాళ్లు బండికి వేసే రంగును లివరీ అంటారు. ఆ మాట రైళ్ల కోసం పుట్టింది కాదు. పూర్వం అక్కడి ప్రభువుల ఇళ్లలో నౌకర్లకు ఇచ్చే దుస్తుల పేరు అది. ఏ ప్రభువు నౌకరో ఆ ప్రభువు రంగులు. మన దగ్గర బిళ్ల బంట్రోతు ఉండేవాడు చూడండి, అడ్డంగా డవాలు, దాని మీద ఇత్తడి బిళ్ల. ఆ బిళ్ల ఏం చెప్పేది? వీడు ఎవడో చెప్పేదా? కాదు. వీడు ఎవరి మనిషో చెప్పేది. జమీందారు మారితే బిళ్ల మారుతుంది. బంట్రోతు మాత్రం అదే బంట్రోతు, అవే మోకాళ్ల నొప్పులు.

ఇవాళ నేను చెప్పేది అలాంటి ఒక బంట్రోతు గురించి. బ్రిటన్‌లో 313 క్లాసు అని ఒక కరెంటు బండి ఉండేది. 1976లో పనిలో చేరింది, 2023లో దిగిపోయింది. నలభై ఏడేళ్లు! ఈ నలభై ఏడేళ్లలో దాని ఒంటి మీద ఎన్ని బిళ్లలు మారాయో చెబుతాను. గొప్ప బండి కాదండీ, ముందే చెప్పేస్తున్నా. వేగంలో రికార్డులు లేవు, రాణిగారు ఎక్కిన బండి కాదు. పొద్దున ఆఫీసుకు, సాయంత్రం ఇంటికి, మన ఎంఎంటీఎస్ లాంటి బండి. నేను పన్నెండేళ్లు దాన్లోనే ఆఫీసుకు వెళ్లాను. ఉత్తర లండన్‌లో పామర్స్ గ్రీన్ అనే చోట ఎక్కి, ఓల్డ్ స్ట్రీట్‌లో దిగేవాణ్ని. అందుకే దాని మీద ఈ పక్షపాతం.

ముందు బండి కథ కాదు, సొరంగం కథ చెప్పాలి. ఎందుకంటే ఈ బండిని కన్నది ఆ సొరంగం.

1904లో లండన్‌లో ఫిన్స్‌బరీ పార్క్ నుంచి మూర్‌గేట్ దాకా భూమి కింద ఒక లైను వేశారు. వేసినవాళ్ల ఆలోచన ఏమిటంటే, పైన నడిచే పెద్ద రైళ్లు నేరుగా కిందికి దిగి నగరం నడిబొడ్డుకు రావాలి. అందుకని సొరంగాన్ని పదహారు అడుగుల వ్యాసంతో తవ్వారు. ట్యూబు అంటే లండన్ భూగర్భ మెట్రో, ఆ మామూలు ట్యూబు సొరంగాలకన్నా చాలా వెడల్పు. అంతా తవ్వాక పెద్ద రైలు కంపెనీతో పొసగలేదు. పెద్ద బళ్లు రాలేదు. పెళ్లికి పందిరి వేశాక వరుడు రానట్టు అయింది. చివరికి ఆ పెద్ద సొరంగంలో చిన్న ట్యూబు రైళ్లు తిప్పుకున్నారు. ఎన్నాళ్లు? దశాబ్దాలు. పెద్ద రైళ్ల కోసం తవ్విన సొరంగంలోకి పైనుంచి పెద్ద రైలు దిగి రావడానికి 1976 దాకా పట్టింది. డెబ్బై రెండేళ్లు!

ఈ మధ్యలో ఒక ఘోరం. 1975 ఫిబ్రవరి 28న, పొద్దున ఆఫీసుల వేళ, ఒక ట్యూబు రైలు మూర్‌గేట్ స్టేషన్లో ఆగాల్సిన చోట ఆగలేదు. అక్కడితో లైను అయిపోతుంది, ఎదురుగా గోడ. 43 మంది పోయారు. వాళ్లలో డ్రైవరు కూడా ఉన్నాడు. ఎందుకు ఆపలేదో ఇప్పటికీ తేలలేదు. ఆ తర్వాత చివరి స్టేషన్లలోకి వచ్చే బండి వేగం దానంతట అదే అదుపులోకి వచ్చేలా ఏర్పాట్లు చేశారు. వాటిని అక్కడి వాళ్లు ఇప్పటికీ మూర్‌గేట్ పేరుతోనే పిలుస్తారు. నేను ఆ స్టేషన్లో దిగిన మొదటి రోజు ఈ సంగతి నాకు తెలియదు. తెలిశాక మాత్రం, బండి ఆ చివరి ప్లాట్‌ఫారంలోకి నత్తలా పాకుతూ వస్తుంటే విసుక్కోవడం మానేశాను.

అదే సంవత్సరం ట్యూబు సర్వీసు ఆపి లైనును అప్పటి ప్రభుత్వ రైల్వే అయిన బ్రిటిష్ రైల్‌కు అప్పగించారు. ఇప్పుడు సమస్య చూడండి. పైన మెయిన్ లైను మీద తీగ కరెంటు, 25,000 వోల్టుల ఏసీ. మన దగ్గర ఉన్నట్టే. సొరంగంలో తీగ పట్టడానికి చోటు లేదు. పెద్ద సొరంగమే, కానీ అంత పెద్దది కాదు. అందుకని కింద పట్టాల పక్కన ఇంకో పట్టా, దాంట్లో 750 వోల్టుల డీసీ. బెంగళూరు మెట్రో ఎక్కినవాళ్లు చూసే ఉంటారు, పైన తీగ ఉండదు, పక్క పట్టాలోంచి కరెంటు తీసుకుంటుంది. అదే పద్ధతి. మరి పైనా నడవాలి, కిందా నడవాలి అంటే? రెండు తిండ్లూ అరిగించుకునే బండి కావాలి. బ్రిటన్‌లో అలా 25,000 ఏసీ మీద, 750 డీసీ మీద రెండింటి మీదా నడిచిన మొదటి యూనిట్లు ఈ 313లే. యార్క్ కార్ఖానాలో కట్టారు. మూడేసి పెట్టెల యూనిట్లు 64. ముందు పెట్టెకు, వెనక పెట్టెకు మోటార్లు, మధ్య పెట్టె నెత్తి మీద పాంటోగ్రాఫ్, అంటే పై తీగను తాకి కరెంటు అందుకునే చట్రం. గంటకు 75 మైళ్లు, అంటే 120 కిలోమీటర్లు.

ఈ మార్పిడి ఎక్కడ జరిగేదంటే, డ్రేటన్ పార్క్ అనే చిన్న స్టేషన్లో. బండి ఆగుతుంది. తలుపులు తెరుచుకుంటాయి. ఒకరిద్దరు దిగుతారు, అంతకు మించి ఎవరూ దిగరు ఆ స్టేషన్లో. ఈలోగా డ్రైవరు పాంటోగ్రాఫ్ దించుతాడు. కింద ఏదో మోత ఉంటుంది కదా బండికి ఎప్పుడూ, అది ఒక్క క్షణం తగ్గి మళ్లీ అందుకుంటుంది. అంతే. మనం ఊపిరి మార్చుకున్నట్టు. సాయంత్రం తిరుగు దారిలో మళ్లీ అక్కడే పైకెత్తడం. పన్నెండేళ్లలో ఆ మోత మార్పు వినని ఆఫీసు రోజు లేదు నాకు. పక్కనున్నవాళ్లు మాత్రం పేపర్లోంచి తల ఎత్తేవారు కాదు. వాళ్లకది రోజూ ఉండే బస్టాపు లాంటిది.

ఇంకోటి, ముందు భాగాన ఒక తలుపు. డ్రైవరు క్యాబిన్లోంచి ముందుకు తెరుచుకునే తలుపు. సొరంగంలో బండి నిలిచిపోతే పక్క నుంచి దిగడానికి చోటుండదు, గోడలు అంత దగ్గర. అందుకని ముక్కులోంచి దిగాలి. బండి ముఖం చూస్తే ఆ తలుపు ముక్కు లాగే ఉంటుంది కూడా.

ఇప్పుడు రంగులకు వద్దాం. మాస్టారూ, మీరు గడియారం చూస్తున్నారు, అసలు కథ ఇప్పుడే మొదలవుతోంది!

మా నాన్నను అడిగితే బండికి రంగు ఎందుకు వేస్తారంటే ఒకటే జవాబు. తుప్పు పట్టకుండా. ఉక్కు డబ్బా, వానలో నానుతుంది, రంగు లేకపోతే ఐదేళ్లలో జల్లెడ. అందం తర్వాత సంగతి. కానీ ఈ 313 పై డబ్బా ఉక్కు కాదు, అల్యూమినియం కలిపిన లోహం. అడుగు చట్రం ఉక్కు, పై డబ్బా అల్యూమినియం. అల్యూమినియం తుప్పు పట్టదు కదా? 313 కన్నా ముందు, 1970ల మొదట్లో, ఈ తరహాలో కొన్ని ప్రయోగాత్మక బళ్లు కట్టి చూశారు. వాటిలో ఒక యూనిట్‌ను రంగే వేయకుండా, ఒట్టి లోహం మెరుస్తుండగానే తిప్పారు. తిరిగింది. ఏమీ కాలేదు. అంటే ఏమిటి? ఈ బండికి రంగు అవసరం లేదు. అవసరం లేని బండికి నలభై ఏడేళ్లు రంగుల మీద రంగులు వేస్తూనే ఉన్నారు. ఎందుకు? బిళ్ల లేకుండా బంట్రోతును బయటికి పంపరు కాబట్టి.

మొదటి బిళ్ల నీలం, బూడిద. 1965లో బ్రిటిష్ రైల్ తన రూపం మొత్తం మార్చుకుంది. అటొక బాణం ఇటొక బాణం గుర్తు, అన్ని స్టేషన్లలో ఒకే రకం అక్షరాలు, దేశమంతా ఒకే నీలం. అప్పటి అభిమానులకు ఆ నీలం అంటే ఒళ్లు మంట. ఆవిరి రోజుల్లో ఒక్కో ప్రాంతానికి ఒక్కో రంగుండేది, అదంతా పోయి మునిసిపాలిటీ గోడ లాగా ఒకటే రంగు అని. 313లు నీలం మీద, కిటికీల చుట్టూ లేత బూడిద పట్టీతో వచ్చాయి. అప్పుడు యజమాని ఒకడే, దేశం. బిళ్ల కూడా ఒకటే.

ముఖం మాత్రం పసుపు. పసుపు రాసుకున్న ముత్తైదువలాగా నిండు పసుపు. ఎందుకో ఎవరైనా చెబుతారా? అదిగో, ఆ పాప చెప్పింది, కనిపించడానికి. సరిగ్గా చెప్పావమ్మా. కానీ అంతకుముందు ఎందుకు లేదు? ఆవిరి ఇంజనుకు పసుపు అక్కర్లేదు. అది వస్తుంటే నాలుగు ఊళ్లకు వినిపిస్తుంది. డీజిలు, కరెంటు బళ్లు వచ్చాక చప్పుడు తగ్గింది. పట్టాల మీద పనిచేసే గ్యాంగువాళ్లు వెనక్కి తిరిగి చూసేసరికి బండి మీద పడేది. అందుకని 1960ల్లో ముందు చిన్న పసుపు పలక వేశారు, తర్వాత ముఖమంతా పసుపు చేశారు. ఈ పసుపు యజమానిది కాదు, పట్టాల మీద పనిచేసే మనిషిది. అందుకే తర్వాత పక్కల మీద ఎన్ని రంగులు మారినా 313 ముఖం మీద పసుపు చెక్కుచెదరలేదు. 2016లో రూలు మార్చారు. హెడ్‌లైట్లు ఫలానా ప్రమాణంలో ఉంటే పసుపు తప్పనిసరి కాదని. ఇప్పుడక్కడ కొత్త బళ్లకు నల్ల ముఖాలు కూడా వస్తున్నాయి. నాకు నచ్చదు. సరే, నాకు నచ్చితే ఎంత, నచ్చకపోతే ఎంత.

1986లో రెండో బిళ్ల. బ్రిటిష్ రైల్ లోపలే లండన్ చుట్టుపక్కల బళ్లన్నిటినీ ఒక విభాగం చేసి నెట్‌వర్క్ సౌత్ఈస్ట్ అని పేరు పెట్టారు. క్రిస్ గ్రీన్ అని ఒక మేనేజరు, చాలా చురుకైన మనిషి. ఎరుపు, తెలుపు, నీలం, బూడిద, ఇన్ని చారలు. డ్రైవరు క్యాబిన్ దగ్గరికి వచ్చేసరికి చారలు ఏటవాలుగా పైకి లేస్తాయి, బండి నిలబడి ఉన్నా బయల్దేరుతున్నట్టు. అంతటితో ఆగలేదు, స్టేషన్లలో దీపస్తంభాలకు కూడా ఎర్ర రంగు వేయించాడు. దీపస్తంభాలకండీ! జనం నవ్వుకున్నారు, కానీ గుర్తుపెట్టుకున్నారు. ఎర్ర స్తంభం కనిపిస్తే ఇక్కడ లండన్ బండి దొరుకుతుందని అర్థం. బండి పాతదే, టైంటేబుల్ కూడా పెద్దగా మారలేదు. కానీ రంగు వేస్తే మనవాళ్లేదో చేస్తున్నారనిపించింది. సంక్రాంతికి సున్నం వేసినట్టు. కొత్త ఇల్లు కాదు, కానీ కొత్తగా అనిపిస్తుంది. నన్నడిగితే ఈ బండికి అన్నిటికన్నా బాగా కుదిరిన రంగు అదే. నేను వెళ్లేసరికి అది పోయింది, ఫొటోల్లోనే చూశాను.

ఇక్కడి నుంచి కథ గజిబిజి అవుతుంది, కొంచెం ఓపిక పట్టండి. 1993లో చట్టం చేసి రైల్వేను ముక్కలు చేశారు. పట్టాలు ఒకరికి. బళ్లు అద్దెకిచ్చే కంపెనీలు మూడు పెట్టి, బళ్లు వాటికి. నడిపేవాళ్లు వేరే, వాళ్లకు కొన్నేళ్ల కాంట్రాక్టు. అంటే బండి ఒకరిది, పట్టా ఒకరిది, నడిపేది ఇంకొకరు, టికెట్టు డబ్బు మనది. మన ఊళ్లో ట్రాక్టరు ఒకరిది, పొలం ఒకరిది, కౌలు ఒకరిది అయినట్టు. మరి రంగు ఎవరిది? నడిపేవాడిది. కౌలుదారుడు తన గుర్తు వేసుకుంటాడు. కౌలు అయిపోగానే వచ్చేవాడు ఆ గుర్తు తుడిపేసి తనది వేసుకుంటాడు.

ఇక్కడ మన పద్ధతికీ వాళ్ల పద్ధతికీ తేడా గమనించండి. మన దగ్గర రంగు బండి జాతి చెబుతుంది. గరీబ్ రథ్ అయితే ఆకుపచ్చ, రాజధాని అయితే ఎరుపు, పాత ప్యాసింజరు అయితే ఇటుక రంగు, తర్వాత నీలం. రంగు చూసి టికెట్టు ధర ఊహించుకుంటాం. అక్కడ ప్రైవేటు రోజుల్లో రంగు కాంట్రాక్టు చెబుతుంది. ఒకే తరగతి బండి, ఒకే కార్ఖానాలో ఒకే ఏడు పుట్టిన బండి, లండన్‌లో ఈ పక్క ఒక రంగు, ఆ పక్క ఇంకో రంగు. 313లకు అదే జరిగింది. కుటుంబం వేరుపడింది. కొన్ని అప్పటికే, 1980ల్లోనే, లండన్‌లో ఇంకో పక్కకు వెళ్లాయి. యూస్టన్ నుంచి వాట్‌ఫర్డ్ వెళ్లే లైను, నగరాన్ని చుట్టివచ్చే నార్త్ లండన్ లైను. ఆ నార్త్ లండన్ లైనులో తర్వాత కొంత తీగ, కొంత పక్క పట్టా అయ్యాయి. రెండూ తినే బండి కదా, అక్కడా పనికొచ్చింది. ప్రైవేటు అయ్యాక ఆ పక్క ఒకరికి, మా పక్క ఒకరికి వెళ్లింది.

మా పక్క వచ్చిన కంపెనీ పేరు వెస్ట్ ఆంగ్లియా గ్రేట్ నార్తర్న్. పొడి అక్షరాలు కలిపి జనం వ్యాగన్ అనేవారు. నాకు నవ్వొచ్చేది. లాలాగూడలో వ్యాగన్ అంటే బొగ్గు మోసేది. నేను వెళ్లిన కొత్తలో ఫోన్లో మా నాన్నతో రోజూ వ్యాగన్లో ఆఫీసుకు వెళ్తున్నానంటే ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత అమ్మ ఫోన్ తీసుకుని, డబ్బులేమైనా పంపాలా నాన్నా అని అడిగింది. నిజం.

ఆ వ్యాగన్ కంపెనీ చివరి రోజుల రంగు వంకాయ రంగు. మంచి నవనవలాడే వంకాయ. ఆ పక్కన సిల్వర్‌లింక్ అని ఇంకో కంపెనీ, వాళ్లది కూడా ఊదాయే, కానీ తలుపులు లేత నిమ్మకాయ పచ్చ. ఊదా డబ్బాకు నిమ్మపచ్చ తలుపులు! మొదట చూసినప్పుడు ఇదేం రుచి అనుకున్నాను. తర్వాత తెలిసింది, తలుపు రంగు వెనక ఒక చట్టం ఉంది. 1998లో అక్కడ వికలాంగుల సౌకర్యం కోసం నిబంధనలు వచ్చాయి. బండి పక్క భాగం రంగుకూ తలుపు రంగుకూ స్పష్టమైన తేడా ఉండాలి. చూపు మందగించిన మనిషి ప్లాట్‌ఫారం మీద నిలబడితే తలుపు ఎక్కడుందో తెలియాలి. అంతే కదా? ఎంత చిన్న విషయం, ఎంత పెద్ద విషయం! అప్పటి నుంచి బ్రిటన్ బళ్ల రంగులు గీసేవాళ్లు ముందు తలుపు సంగతి తేల్చుకుని తర్వాత మిగతాది గీస్తారు. ముఖం మీద పసుపు పట్టాల మీద మనిషిది అన్నాను. తలుపు రంగు ప్లాట్‌ఫారం మీద మనిషిది. ఇంక మిగిలిన పక్క భాగమే యజమానిది. మా అమ్మకు చూపు తగ్గాక ఎంఎంటీఎస్ ఎక్కించేటప్పుడల్లా నాకు ఈ నిమ్మపచ్చ తలుపులు గుర్తొస్తాయి.

2006 ఏప్రిల్ 1. మా లైను చేయి మారింది. ఏప్రిల్ ఒకటి అని ఎవరూ నవ్వకండి, అక్కడ లెక్కల సంవత్సరం అలాగే మొదలవుతుంది. ఫస్ట్ క్యాపిటల్ కనెక్ట్ అని కొత్త పేరు. ముదురు నీలం, కింది భాగాన గులాబీ, తెలుపు, లేత నీలం గీతలు, రాత్రి కారులోంచి ఊరి దీపాలు చూస్తే సాగినట్టు కనిపిస్తాయి కదా, అలా. ఆ డిజైన్‌కు నగర దీపాలని అర్థం వచ్చే పేరే పెట్టారు. ఇక్కడ ఒక మార్పు జరిగింది, మా నాన్నకు చెబితే ఆయన నమ్మలేదు. అది రంగు కాదు, స్టిక్కరు. వినైల్. పెద్ద పెద్ద రేకుల్లాంటి స్టిక్కర్లు తెచ్చి, తడిపి, రాసి అంటిస్తారు. అక్కర్లేనప్పుడు వేడి చేసి లాగేస్తారు. బ్రష్షు లేదు, గన్ను లేదు, ఆరబెట్టడం లేదు. ఆలోచిస్తే సబబే. కాంట్రాక్టు ఏడెనిమిదేళ్లు. ఏడెనిమిదేళ్ల యజమానికి గీకితే గానీ పోని పూత ఎందుకు? మా నాన్న మాత్రం "సెల్‌ఫోన్ కవరా అది?" అన్నారు.

2014 సెప్టెంబరులో మళ్లీ చేయి మారింది. ఇప్పుడు గ్రేట్ నార్తర్న్ అని పాత పేరే మళ్లీ వచ్చింది. ఈసారి 313లకు కొత్త చొక్కా కుట్టించే ఓపిక ఎవరికీ లేదు. ఎలాగూ వీటిని తీసేయాలని తెలుసు. చాలా బళ్ల మీద ఆ నీలం అలాగే ఉంచి, పాత పేరు తీసేసి కొత్త పేరు అంటించారు. రిటైర్మెంటు దగ్గరపడ్డ ఉద్యోగికి కొత్త యూనిఫారం ఎవరిస్తారు? అవతల పక్క కూడా అదే తంతు. 2007 నవంబరులో సిల్వర్‌లింక్ లైన్లు లండన్ ఓవర్‌గ్రౌండ్ అయ్యాయి. అక్కడ 313లకు ఊదా రంగు మీదే గుండ్రని కొత్త గుర్తు అంటించి నడిపారు, కొత్త బళ్లు వచ్చేదాకా. 2010 నాటికి అవి వచ్చేశాయి. 313లు ఖాళీ.

ఖాళీ అయిన బళ్లలో ఒకటి, 313121 నంబరుది, వింత దారి పట్టింది. నెట్‌వర్క్ రైల్, అంటే పట్టాల సంస్థ, దాన్ని తీసుకుని నిలువెల్లా పసుపు వేసింది. ముఖం ఒక్కటే కాదు, ఒళ్లంతా. డ్రైవరు కిటికీ బయటి సిగ్నల్ కాకుండా ముందున్న తెర మీదే సిగ్నల్ చూసి నడిపే యూరోపియన్ పద్ధతి ఉంది కదా, ఈటీసీఎస్. మన కవచ్ గురించి మాట్లాడేటప్పుడు దీని పేరు వస్తుంటుంది. దాన్ని పరీక్షించడానికి నేను తిరిగే హెర్ట్‌ఫర్డ్ లూప్ మీదే ఈ పసుపు బండిని తిప్పారు. 1976 బండిలో ఆ కంప్యూటర్లు! తాతయ్యకు స్మార్ట్ వాచీ కట్టినట్టు. ఒకసారి ఎన్‌ఫీల్డ్ దగ్గర పక్క పట్టా మీద కనిపించింది. బంతిపువ్వు లాగుంది.

మిగిలినవాటిలో 19 యూనిట్లు సముద్రం చూడ్డానికి వెళ్లాయి. దక్షిణ తీరం, బ్రైటన్ ఊరు. సదరన్ అనే కంపెనీ 2010 నుంచి వీటిని తీరం వెంట తిప్పింది. తూర్పున సీఫర్డ్ దాకా, పడమట పోర్ట్స్‌మత్ దాకా. రంగు ఆకుపచ్చ, తెలుపు. 1923 నుంచి 1947 దాకా ఆ ప్రాంతంలో ఉన్న పాత సదరన్ రైల్వే బళ్లు ఆకుపచ్చవి, ఆ జ్ఞాపకం. ముప్పై నాలుగేళ్ల వయసులో కొత్త ఊరు, కొత్త చొక్కా. అక్కడ అంతా పక్క పట్టా కరెంటే. తీగ లేదు. రెండు తిండ్లూ తినగలగడమే దీని గొప్ప అనుకున్నాం కదా, ఆ గొప్పతో అక్కడ పనే లేదు.

అక్కడి జనం సంతోషించలేదు. వాళ్లకు అంతకుముందు కొత్త బళ్లుండేవి, అవి లండన్‌కు వెళ్లి ఈ పాతవి వచ్చాయి. పైగా అసలు సంగతి, ఈ బళ్లలో టాయిలెట్ లేదు. పామర్స్ గ్రీన్ నుంచి మూర్‌గేట్‌కు అరగంట, దానికేం ఫర్వాలేదు. బ్రైటన్ నుంచి పోర్ట్స్‌మత్‌కు అన్ని స్టేషన్లలో ఆగుతూ వెళ్తే గంట దాటుతుంది, గంటన్నర కూడా కావచ్చు. పెద్దవాళ్లు, చిన్నపిల్లల తల్లులు ఏం చేస్తారు? పత్రికల్లో రాశారు, సభల్లో అడిగారు. నిజమే కదా, ఆకుపచ్చ రంగు వేస్తే బండి సముద్రతీరం బండి అవుతుంది గానీ టాయిలెట్ రాదు. రంగు మీద ఇంత ప్రేమ ఉన్న నేనే ఒప్పుకుంటున్నాను.

మా లైనులో 313లు 2019 సెప్టెంబరు చివరిలో ఆగిపోయాయి. నేను అప్పటికే ఇక్కడికి వచ్చేశాను. వాటి స్థానంలో జర్మనీలో కట్టిన 717 క్లాసు బళ్లు, ఆరేసి పెట్టెలవి 25. చల్లటి ఏసీ గాలి, వెలుతురు, ఈ పెట్టె నుంచి ఆ పెట్టెకు నడిచి వెళ్లొచ్చు. కానీ ముందు చూడండి, ముక్కు తలుపు ఉంది. ఉండాల్సిందే. సొరంగం 1904 నాటిదే కదా. డ్రేటన్ పార్క్‌లో కరెంటు మార్చుకోవడం కూడా ఉంది. టాయిలెట్? అదీ లేదు! నలభై మూడేళ్ల తర్వాత కట్టినా లేదు. పాత బళ్లు తుక్కుకు వెళ్లాయి. తీరం వెంట ఉన్న 19 ఇంకో నాలుగేళ్లు లాగాయి. 2023 మే నాటికి అవీ అయిపోయాయి. అప్పటికి బ్రిటన్ మెయిన్ లైన్ల మీద ప్రయాణికులను మోస్తున్న ఇలాంటి కరెంటు యూనిట్లన్నిటిలో అవే పాతవి.

ఒక్కటి చెప్పి ముగిస్తాను. 2016లో ఈ బళ్లకు నలభై ఏళ్లు నిండాయి. అప్పుడు తీరంలో ఉన్న 313201 యూనిట్‌కు ఆకుపచ్చ తీసేసి, 1976 నాటి నీలం, బూడిద మళ్లీ వేశారు. అటు ఇటు బాణాల గుర్తుతో సహా. ఆ నీలం వచ్చిన రోజుల్లో మునిసిపాలిటీ గోడ అని తిట్టినవాళ్లే, లేకపోతే వాళ్ల పిల్లలే, దాన్ని ఫొటో తీయడానికి వంతెనల మీద వరసకట్టారు. మామూలు సర్వీసులోనే తిరిగేది. టైంటేబుల్లో ఏ ట్రిప్పుకు వస్తుందో తెలియదు. 2017లో నేను తట్టాబుట్టా సర్దుకుని వచ్చేసే ముందు ఒక శనివారం బ్రైటన్ వెళ్లి, ప్లాట్‌ఫారం మీద మూడు గంటలు కూర్చున్నాను. రెండుసార్లు ఆకుపచ్చవే వచ్చాయి. మూడోసారి నీలం వచ్చింది. దాన్లో సీఫర్డ్ దాకా వెళ్లి వచ్చాను. బిళ్ల మారింది గానీ, అన్ని రంగుల కింద ఉన్నది అదే మోత. కళ్లు మూసుకుంటే ఓల్డ్ స్ట్రీట్ వస్తుందేమో అనిపించింది.

ఇంటికి వచ్చాక ఆ ఫొటోలు మా నాన్నకు ఫోన్లో చూపించాను. ఆయన నీలం గురించి ఏమీ అనలేదు. రెండు వేళ్లతో ఫొటోను పెద్దది చేసి, తలుపు అంచు దగ్గర, కిటికీ మూల దగ్గర చాలాసేపు చూశారు. తర్వాత అడిగారు, "పాతదంతా గీకి వేశారా, పాతదాని మీదే వేశారా?" నాకు తెలియదన్నాను. "పోయి చేత్తో ముట్టుకోలేదా?" అన్నారు. ముట్టుకున్నాను గానీ అది చూడలేదు నాన్నా అన్నాను. "మరి మూడు గంటలు కూర్చుని ఏం చూశావు?" అన్నారు.